ఆలస్యంగా వచ్చినవారికీ ఆట మిగలాలి

2021 మే నెలలో, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే పెద్ద ఆన్‌లైన్ ఆట తొలినాటి రూపాన్ని తిరిగి తెచ్చిన ‘క్లాసిక్’ ఆడుతున్నవారి తెర మీద ఒక ప్రశ్న కనిపించింది. పెంచుకున్న క్యారెక్టర్‌తో, మళ్లీ రాబోతున్న ‘ది బర్నింగ్ క్రూసేడ్’ అనే ఎక్స్‌పాన్షన్‌లోకి వెళ్తారా, ఉన్నచోటే ఉండిపోతారా? వెళ్లేవారు వెళ్లారు. ఉండదలచినవారి కోసం ‘క్లాసిక్ ఎరా’ పేరుతో పాత సర్వర్లను అలాగే ఉంచారు. రెండుచోట్లా ఉండాలనుకుంటే డబ్బు కట్టి క్యారెక్టర్‌కు నకలు తీయించుకోవచ్చు. మొదట 35 డాలర్లన్నారు, ఆటగాళ్లు గొడవ చేశాక 15కి దించారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో తర్వాతి ఎక్స్‌పాన్షన్ ‘వ్రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్’ వంతు వచ్చింది. ఈసారి ప్రశ్న లేదు. బర్నింగ్ క్రూసేడ్ సర్వర్లన్నీ వ్రాత్ సర్వర్లయిపోయాయి.

పెద్ద ఆన్‌లైన్ ఆటల్లో ఎక్స్‌పాన్షన్ అంటే రెండేళ్లకోసారి వచ్చే భారీ చేర్పు. కొత్త భూభాగం, కొత్త కథ, పెరిగిన గరిష్ఠ లెవెల్, మారిన నియమాలు అన్నీ ఒకేసారి దిగుతాయి. కొత్తది దిగాక పాతది ఏమవ్వాలి? ప్రతి ఎక్స్‌పాన్షన్‌కూ కనీసం ఒక సర్వర్‌ను శాశ్వతంగా తెరిచి ఉంచాలా? పశ్చిమ దేశాల్లో ఈ చర్చ ఎక్కువగా జ్ఞాపకాల చుట్టూ తిరుగుతుంది. కావాలనేవారు చిన్ననాటి ఆటను తిరిగి ఇమ్మంటారు, వద్దనేవారు చిన్నతనం తిరిగి రాదంటారు. బెంగళూరులో కూర్చుని చూస్తే రెండు పక్షాలూ ఒక సంగతి మరిచినట్టు అనిపిస్తుంది. ఇక్కడి తెలుగు ఆటగాళ్లలో ఆ ఆట జ్ఞాపకంగా ఉన్నవారు బహు తక్కువ. చాలామందికి అది ఇప్పటికీ అందని ఆటే.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో వచ్చింది. బర్నింగ్ క్రూసేడ్ 2007 జనవరిలో, వ్రాత్ 2008 నవంబరులో, ‘క్యాటక్లిజం’ 2010 డిసెంబరులో వచ్చాయి. మన ప్రభుత్వం 2004లో ప్రకటించిన విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. ఆ నిర్వచనం 512కి పెరిగింది 2013లో. పైగా ఈ ఆటకు నెలనెలా చందా కట్టాలి, అందుకు విదేశీ చెల్లింపులకు పనికొచ్చే కార్డు కావాలి. అనంతపురంలోనో నెల్లూరులోనో ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడుకున్న పిల్లవాడికి వార్‌క్రాఫ్ట్ ప్రపంచం పత్రికలో చూసిన బొమ్మ మాత్రమే. ఆ పిల్లవాడు ఇప్పుడు మారతహళ్ళిలో ముగ్గురు స్నేహితులతో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాడు. ఫైబర్ కనెక్షన్ వచ్చింది, కార్డు వచ్చింది, మంచి కంప్యూటర్ కొనుక్కున్నాడు. ఈలోగా ఆట వెళ్లిపోయింది.

వచ్చాక కూడా అతని ఆట నెమ్మదిగానే సాగుతుంది. యూరప్ సర్వర్లలో గిల్డులు (కలిసి ఆడే జట్లు) రైడ్‌కు (చాలామంది కలిసి చేసే పెద్ద పోరాటానికి) కూడేది అక్కడి రాత్రి ఎనిమిదింటికి. శీతకాలంలో అది మనకు పన్నెండున్నర. మూడు గంటల రైడ్ ముగిసేసరికి తెల్లవారుజాము మూడున్నర అవుతుంది, పది గంటలకు ఆఫీసులో మీటింగ్ ఉంటుంది. ఆస్ట్రేలియా వైపు వెళ్దామంటే సిడ్నీ రాత్రి ఎనిమిది మనకు మధ్యాహ్నం రెండున్నరో మూడున్నరో. కాబట్టి ఇక్కడివారు శనివారాలు, ఆదివారాలు చూసుకుని, దొరికిన నలుగురితో, వీలైనంత ఆడతారు. ముందు అరవై లెవెళ్లు, ఆ తర్వాత పది. గేరు, అంటే ఆయుధాలు, కవచాలు సమకూర్చుకుని పెద్ద రైడ్ గడపలో అడుగు పెట్టేసరికి కొత్త ఎక్స్‌పాన్షన్ ప్రకటన వస్తుంది. బర్నింగ్ క్రూసేడ్ రెండోసారి వచ్చినప్పుడు దానికి దక్కిన ఆయుష్షు పదిహేను నెలలు. రోజుకు ఆరు గంటలు ఆడేవారికి అది ఎక్కువ కాలం. వారానికి ఆరు గంటలు ఆడేవారికి దారి సగంలోనే ముగుస్తుంది.

“పాత ప్రదేశాలన్నీ ఇప్పటి ఆటలోనే ఉన్నాయి కదా, వెళ్లి చూసుకోవచ్చు” అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. ఇది సగం నిజం. బర్నింగ్ క్రూసేడ్‌లోని కరజాన్ కోటనే తీసుకుందాం. అది పదిమంది కలిసి చేయాల్సిన రైడ్. లోపలికి వెళ్లాలంటే ముందు తాళంచెవి సంపాదించాలి. షాడో లాబిరింత్, స్టీమ్‌వాల్ట్, ఆర్కట్రాజ్ అనే మూడు చోట్ల నుంచి దాని ముక్కలు తెచ్చి, బ్లాక్ మొరాస్‌లో మరో పోరాటం గెలిస్తే గాని చెవి చేతికి రాదు. లోపల ఒక నాటకశాల ఉంది. మూడు నాటకాల్లో ఈ వారం ఏది పడుతుందో తెర లేచేదాకా ఎవరికీ తెలియదు. లేచాక పదిమందీ అప్పటికప్పుడు ఎవరి చోటు వాళ్లు సర్దుకోవాలి, ఒకరు తడబడితే మిగతా తొమ్మిదిమందికీ తెలుస్తుంది. ఇంకా పైకి వెళ్తే చదరంగం గది, అక్కడ ఆటగాళ్లే పావులను నడపాలి.

ఈ కోట ఇప్పటి ప్రధాన ఆటలోనూ నిలిచే ఉంది, ఎవరూ కూల్చలేదు. కాకపోతే నేటి గరిష్ఠ లెవెల్ ఆటగాడు తాళంచెవి ఊసు లేకుండా ఒంటరిగా లోపలికి నడుస్తాడు. ఒక్కో దెబ్బకు ఒక్కో శత్రువును పడగొడతాడు. మొదట ఎదురయ్యే అట్యుమెన్ దగ్గర అరుదుగా దొరికే గుర్రం వచ్చిందేమో చూసుకుని, రాకపోతే వచ్చే వారం చూద్దామని బయటికి వచ్చేస్తాడు. గోడలు, దీపాలు, తివాచీలు అన్నీ అలాగే ఉన్నాయి. పదిమంది ఒకరి మీద ఒకరు ఆధారపడిన ఆ సాయంత్రం మాత్రం పోయింది. లెవెల్ తగ్గించి పాత చోట్లకు పంపే ఏర్పాట్లు కొన్ని ఆటల్లో ఉన్నాయి. ఫైనల్ ఫాంటసీ 14 ఆ పద్ధతిని 2013 నుంచీ బాగా నడుపుతోంది, వార్‌క్రాఫ్ట్‌లో టైమ్‌వాకింగ్ ఉంది. ఇవి రుచి చూపించగలవు. కానీ క్యారెక్టర్ల విద్యలు, మందులు, ఆయుధాలు అన్నీ కొత్త నియమాలవి కాబట్టి అది పాత పోరాటం కాలేదు.

క్యాటక్లిజం విషయంలో ఆ సగం నిజం కూడా లేదు. ఆ ఎక్స్‌పాన్షన్ 2004 నాటి రెండు ఖండాలను తిరగరాసింది. బారెన్స్ మైదానం నడిమికి చీలిపోయింది. థౌజండ్ నీడిల్స్ అనే ఎండిన లోయను నీటితో నింపారు. ఆబర్డైన్ రేవు పట్టణం శిథిలమైంది. కథ పరంగా సాహసమైన పనే. అయితే అప్పటివరకు డబ్బు కట్టి ఆడిన ప్రపంచం ఒక్క ప్యాచ్‌తో (ఆటను మార్చే అప్‌డేట్‌తో) అందరికీ మూతపడింది. బెంగళూరువాసులకు ఇది తెలియని అనుభవం కాదు. మెజెస్టిక్‌లో బస్సు దిగేవారి కాళ్ల కింద ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. నగరానికి బస్‌స్టాండు కావాలి, ఆ అవసరాన్ని తప్పు పట్టలేం, ఒకే నేల మీద చెరువూ బస్‌స్టాండూ రెండూ ఉండలేవు. సర్వర్లకు ఆ ఇబ్బంది లేదు. లోయ ఎండిన ప్రపంచం ఒక యంత్రంలో, నిండిన ప్రపంచం ఇంకో యంత్రంలో పక్కపక్కన నడవగలవు. ఈ ఒక్క తేడా చాలు, ఆటల కంపెనీల నుంచి నగరపాలక సంస్థల కంటే ఎక్కువ కోరడానికి.

నడవగలవు అనడం తేలికే. నడపడంలో పని ఎంత ఉందో కూడా చెప్పుకోవాలి. ఇలాంటి ఆటలో ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు చేరేది బొమ్మలు, శబ్దాలు, పటాలు. ఏ మృగం ఎక్కడ పుడుతుంది, ఎంతసేపటికి మళ్లీ పుడుతుంది, దాని దగ్గర ఏ వస్తువు ఎంత అరుదుగా దొరుకుతుంది, దెబ్బ లెక్క ఎలా వేయాలి అన్నవన్నీ కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. అందుకే 2007 నాటి డిస్కు పాత సామాన్ల దుకాణంలో దొరికినా దానితో ఆట నడవదు. క్లాసిక్ తయారీలో తాము పడ్డ శ్రమను వార్‌క్రాఫ్ట్ కంపెనీ బ్లిజార్డ్ 2018లో వివరించింది. మొదట 2006 నాటి 1.12 ప్యాచ్ కోడ్‌నే నడిపి చూశారు. అది నడిచింది గాని, పన్నెండేళ్లలో సరిచేసుకున్న భద్రత, లాగిన్ ఏర్పాట్లు, మోసాలను పట్టుకునే పద్ధతులు దానికి లేవు. దాంతో మార్గం మార్చుకుని, పాత డేటాను కొత్త కోడ్‌కు అర్థమయ్యేలా మలిచారు. బెంగళూరులోని తెలుగు ఇంజినీర్లలో పాత బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు కాపలా కాసిన వారెవరికైనా ఈ కథ ఇంటి కథలాగే ఉంటుంది.

ఆ పనిలో ఒక చిన్న సంగతి చాలా ముఖ్యమైనది. పాత సర్వర్లు ఆటగాళ్ల ఆదేశాలను వెంటవెంటనే కాక దాదాపు 400 మిల్లీసెకన్లకోసారి గుత్తగా తీసుకుని అమలు చేసేవి. అందువల్ల ఇద్దరు మాంత్రికులు ఒకరినొకరు ఒకే క్షణంలో గొర్రెలుగా మార్చేసుకోవడం సాధ్యమయ్యేది. కొత్త కోడ్ వేగంగా పనిచేస్తుంది కాబట్టి అలా జరగదు. క్లాసిక్ కోసం ఆ పాత మందకొడితనాన్ని పనిగట్టుకుని మళ్లీ పెట్టారు, విసుగు పెరిగాక 2021లో తీసేశారు. భద్రపరచడం అంటే లోపాన్ని కూడా భద్రపరచాలా అన్న వాదన అప్పుడు గట్టిగా నడిచింది. మనకు పనికొచ్చే పాఠం ఇంకొకటి ఉంది. ఆ ఆటను ఆనాటి నెమ్మది నెట్‌వర్క్ కోసమే మలిచారు. బెంగళూరు నుంచి యూరప్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని నేటి వేగవంతమైన ఆట క్షమించకపోవచ్చు, పాత ఎక్స్‌పాన్షన్ చాలావరకు ఓర్చుకుంటుంది. మనకు దగ్గరలో సర్వర్ పెట్టలేకపోతే పెట్టకపోయినా ఫరవాలేదు, ఎక్కడో ఒకచోట ఒకటి ఉంచితే చాలు.

శాశ్వత సర్వర్లకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఖర్చు కాదు, జనం. ప్రతి ఎక్స్‌పాన్షన్‌కూ ఒక సర్వర్ పెడితే ఉన్న ఆటగాళ్లు పదిచోట్ల చెల్లాచెదురవుతారు, ఎక్కడా రైడ్‌కు మనుషులు చాలరు. ఇది నిజమైన భయం. కార్తికమాసం చివరి సోమవారం బసవనగుడిలో వేరుశనగ తిరునాళ్లు, కడలెకాయి పరిషె, జరుగుతాయి. ఆంధ్ర వైపు నుంచి కూడా రైతులు బస్తాలతో వచ్చి రోడ్డు పొడుగునా కాయలు గుట్టలు పోస్తారు, మనిషి మెసలడానికి చోటుండదు. మరో నెలలో వెళ్తే అదే రోడ్డు, అదే బసవన్న గుడి ఉంటాయి, తిరునాళ్లు ఉండవు. సర్వర్‌ను మాత్రమే దాచడమంటే రోడ్డును దాచడమే.

అయితే తిరునాళ్లు మళ్లీ జరగాలన్నా ఆ రోడ్డు ఉండాలి. దీనికి క్లాసిక్ ఎరా సర్వర్లే సాక్ష్యం. 2021లో అందరూ బర్నింగ్ క్రూసేడ్‌కు తరలిపోయాక అవి దాదాపు నిర్మానుష్యమయ్యాయి. అప్పుడు లెక్కలు చూసిన ఏ మేనేజరైనా మూసేయమనే చెప్పేవాడు. మూయలేదు. కొన్నాళ్లకు కొందరు ఆటగాళ్లు ఆ ఖాళీ సర్వర్లలో తమకు తామే ఒక నియమం పెట్టుకుని ఆడడం మొదలుపెట్టారు. ఒక్కసారి చస్తే క్యారెక్టర్‌ను తీసేయాలి. పందొమ్మిదో లెవెల్లో నీటి మడుగులో మునిగి చనిపోయినా అంతే. ఈ హార్డ్‌కోర్ ఆట చూస్తుండగానే ఎంతగా పాకిందంటే, 2023 ఆగస్టులో బ్లిజార్డే అధికారికంగా హార్డ్‌కోర్ సర్వర్లు తెరిచింది. మరోవైపు మామూలు ఎరా సర్వర్లకూ మనుషులు తిరిగి వచ్చారు. ఇదంతా ఖాళీ సర్వర్‌ను ఖాళీగానైనా ఉండనివ్వడం వల్ల జరిగింది. 2022లో బర్నింగ్ క్రూసేడ్‌కు ఆ అవకాశం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఇవ్వకపోవడం వల్ల, అక్కడ ఏదైనా మొదలయ్యే అవకాశం ఆ రోజుతో ఆగిపోయింది.

కాబట్టి కోరవలసింది ఎక్స్‌పాన్షన్‌కు ఒకే ఒక్క సర్వర్. ఖండానికొకటి కాదు, పది కాదు. కొత్తవారిని పిలిచే హంగామా అక్కర్లేదు, కొత్త అప్‌డేట్లు అక్కర్లేదు. ఎక్స్‌పాన్షన్ చివరి ప్యాచ్ దగ్గర ఆపి, క్యారెక్టర్లను అక్కడే ఉంచితే చాలు.

ఆపితే విసుగు రాదా? కొందరికి వస్తుంది. రూన్‌స్కేప్ అనే మరో ఆన్‌లైన్ ఆట అనుభవం ఈ విషయంలో వేరే దారి చూపింది. 2013లో జాగెక్స్ కంపెనీ, తన దగ్గర మిగిలిన 2007 ఆగస్టు నాటి బ్యాకప్‌ను తిరిగి తెరవాలా అని ఆటగాళ్లను అడిగింది. దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. ఆ ఫిబ్రవరిలోనే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మొదలైంది. దాన్ని గడ్డకట్టించలేదు. ఏ పెద్ద మార్పు చేయాలన్నా ఓటింగ్ పెట్టి, నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకుంటేనే చేసేవారు (తర్వాత ఆ గీటును కొంచెం తగ్గించారు). పాతదిగా తెరిచిన ఆట క్రమంగా ప్రధాన ఆటనే మించిపోయింది. చక్కటి కథే గాని, దీన్ని భద్రపరచడం అనలేం. ఇది పాత వేరు నుంచి లేచిన కొత్త చెట్టు. 2007 ఆగస్టు నాటి ఆట ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు అక్కడా దొరకదు.

ఆగిపోయిన సర్వర్‌కు ఉన్న అసలు జబ్బు వేరు. ఏళ్ల తరబడి పేరుకున్న బంగారం వల్ల వేలంశాలలో ధరలు ఆకాశానికి అంటుతాయి. మనిషి లేకుండా నడిచే బాట్లు గనులను, మూలికలను ఊడ్చేస్తాయి. కాపలా తగ్గించిన చోట ఇవి చీమల్లా పడతాయి. శాశ్వత సర్వర్‌కు నిజంగా ఖర్చయ్యేది కరెంటుకూ యంత్రాలకూ కాదు, ఈ చీడను ఏరే మనుషుల జీతాలకు. కొంతమంది ఆటగాళ్లు దీనికి మందుగా తాజా సర్వర్లను కోరుకుంటారు, అంటే అందరూ ఒకటో లెవెల్ నుంచి మళ్లీ మొదలుపెట్టే సర్వర్లు. 2024 నవంబరులో వార్‌క్రాఫ్ట్ ఇరవయ్యో వార్షికోత్సవానికి అలాంటివి తెరిచారు. మొదటి నెలల్లో వాటి సందడి చూసి తీరాలి. కానీ అవీ కదిలే బళ్లే, ఒక ఎక్స్‌పాన్షన్ నుంచి ఇంకోదానికి సాగిపోయేవే. నెమ్మదిగా నడిచేవాడికి మళ్లీ అదే సమస్య.

కంపెనీ చేయలేనంటే చేయగలవారికి అనుమతి ఇవ్వడం రెండో దారి. ఎవర్‌క్వెస్ట్ అనే ఆట 1999లో వచ్చింది. దాని తొలి రూపాన్నీ, తర్వాతి రెండు ఎక్స్‌పాన్షన్లనూ అభిమానులు ప్రాజెక్ట్ 1999 పేరుతో 2009 నుంచి నడుపుతున్నారు. 2015లో ఆట హక్కుదారైన డేబ్రేక్ కంపెనీ వారితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంది. 2012లో మూతపడిన సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆటను అభిమానులు తిరిగి నిలబెట్టారు, 2024 జనవరిలో దాని హక్కుదారు ఎన్‌సీసాఫ్ట్ వారికి లైసెన్సు ఇచ్చింది. వార్‌క్రాఫ్ట్ పాత రూపాన్ని నడిపిన అభిమానుల సర్వర్ నోస్టాల్రియస్‌కు మాత్రం 2016 ఏప్రిల్‌లో లాయరు నోటీసు ముగింపు పలికింది. అప్పుడు రెండు లక్షలకు పైగా సంతకాలతో వెళ్లిన విజ్ఞప్తే మూడేళ్ల తర్వాత వచ్చిన అధికారిక క్లాసిక్‌కు తోవ వేసింది. ఎనిమిది లక్షల ఖాతాలున్నాయని నోస్టాల్రియస్ నిర్వాహకులు చెప్పారు. అంతమందిని పోగేసి చూపించాక గాని, ఇది కొద్దిమంది మోజు కాదని కంపెనీ ఒప్పుకోలేదు.

చట్టం ఇక్కడ ఎంత వెనుకబడిందో చెప్పకపోతే విషయం పూర్తి కాదు. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకానికీ నాలుగు ప్రతులు నాలుగు గ్రంథాలయాలకు చేరాలి. చెన్నైలోని కన్నెమరా అందులో ఒకటి. తెనాలిలో ఎవరో అచ్చువేసిన పద్యాల పుస్తకం యాభై ఏళ్ల తర్వాత పుట్టినవాడికీ అక్కడ దొరకాలన్నది ఆ చట్టం ఉద్దేశం. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న రచనను భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చంది. షరతు ఏమిటంటే, ఆ రచన డిజిటల్ కాని ప్రతి ముందే గ్రంథాలయం దగ్గర ఉండాలి. ఆన్‌లైన్ ఆటకు అలాంటి ప్రతి పుట్టనే పుట్టదు. అమెరికాలో 2018లో ఆన్‌లైన్ ఆటలకూ ఒక మినహాయింపు ఇచ్చారు. సంస్థ దగ్గర సర్వర్ కోడ్ న్యాయంగా ఉంటే, తన ఆవరణలో నడుపుకోవచ్చు. కంపెనీ ఇస్తేనే ఉంటుంది, ఇవ్వమని చెప్పే చట్టం లేదు. యూరప్‌లో 2025 జూలై నాటికి 14 లక్షలకు పైగా సంతకాలు కూడిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం, మూసేసే ఆటల గురించి మాట్లాడుతోంది. ఆట బతికే ఉండి దాని పాత భాగం చెరిగిపోతే ఏం చేయాలన్నది ఆ ఉద్యమం పరిధిలోకీ స్పష్టంగా రాలేదు. ఆట నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ నష్టం చాలామంది కంట పడదు.

డెస్టినీ 2 అనే ఆన్‌లైన్ ఆటలో ఏం జరిగిందో చూస్తే ఆ నష్టం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఆట మోయలేనంత పెరిగిపోయిందని 2020 నవంబరులో బంజీ కంపెనీ తొలి కథాభాగాన్నీ, రెండు ఎక్స్‌పాన్షన్లనూ తీసేసింది. 2022 ఫిబ్రవరిలో, జనం విడిగా డబ్బు పెట్టి కొన్న ‘ఫర్సేకెన్’ కథాభాగమూ అదే దారి పట్టింది. తర్వాత ఒక రచయిత, ఆ తొలి కథ తనదేనని దావా వేశాడు. తీసేసిన భాగం ఇప్పుడు తమ దగ్గర ఆడే స్థితిలో లేదని కంపెనీ చెప్పి, అభిమానులు యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలను కోర్టు ముందుంచింది. 2025లో న్యాయమూర్తి వాటిని లెక్కలోకి తీసుకోలేదు, దావాను కొట్టేయడానికీ ఒప్పుకోలేదు. సొంత ఆటను సొంతదారే చూపించలేని స్థితి అది. ఆటల బొమ్మలు చేసే పని బెంగళూరుకు కొత్త కాదు. 1997లో ఇక్కడ మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ కాలం నుంచీ ఎందరో కళాకారులు ఎక్కడెక్కడి ఆటలకో చెట్లు, రాళ్లు, కవచాలు మలుస్తున్నారు. చేసిన పని ఇంట్లోవాళ్లకు చూపించుకోవాలంటే ఆ ఆట, ఆ భాగం తెరిచి ఉండాలి కదా.

ఎక్స్‌పాన్షన్ అమ్మేటప్పుడే మూడు మాటలు రాసి ఇస్తే చాలు. ఇది ఎన్నాళ్లు ప్రధాన సర్వర్లలో ఉంటుంది, ఆ తర్వాత ఏ సర్వర్‌లో ఉంటుంది, ఆ సర్వర్‌నూ మూయదలచిన రోజున కోడ్ ఎవరి చేతికి వెళ్తుంది. మూడో మాటే కంపెనీలకు చేదు, కానీ అభిమానులకు అనుమతి ఇచ్చి డేబ్రేక్, ఎన్‌సీసాఫ్ట్ అలాంటి చేదే మింగాయి, వాటికేమీ కాలేదు.

ప్రస్తుతానికి ఎరా సర్వర్లు తెరిచే ఉన్నాయి. మారతహళ్ళి ఫ్లాట్‌లోని నలుగురు ఈ శనివారం ఒకటో లెవెల్‌తో మొదలుపెడితే, ఎవరూ తొందరపెట్టరు. కొన్ని నెలలకు ఇరవై అయిదో లెవెల్ దాటి, బారెన్స్ దక్షిణపు అంచున ఉన్న పెద్ద లిఫ్టు ఎక్కి కిందికి దిగుతారు. అక్కడ థౌజండ్ నీడిల్స్ ఇంకా ఎండిన లోయే. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచే దాటవచ్చు.